అమెరికాలో మిడిల్ స్కూల్ మ్యాథ్: ఏ కోర్సు తీసుకోవాలి, అది ఎటు తీసుకెళ్తుంది? తెలుగు తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

జనవరి, ఫిబ్రవరి వచ్చిందంటే 5, 6 గ్రేడ్ల పిల్లలున్న ఇళ్లలో ఇదే చర్చ. వచ్చే ఏడాదికి కోర్సులు ఎంచుకోమని స్కూల్ నుంచి ఫారం వస్తుంది. మ్యాథ్ దగ్గర రెండు మూడు పేర్లుంటాయి, ఏది దేనికి దారి తీస్తుందో ఆ ఫారంలో ఉండదు. వాట్సాప్ గ్రూపులో అడిగితే పది మంది పది రకాలుగా చెప్తారు, దాంతో టెన్షన్ ఇంకా పెరుగుతుంది. నేను వారాంతాల్లో మన పిల్లలకు లెక్కలు చెబుతుంటాను. తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఆల్జీబ్రా ఏ గ్రేడ్‌లో మొదలైందని అందరూ అడుగుతారు. అది మొదలయ్యే నాటికి భిన్నాలు, నిష్పత్తులు, రుణ సంఖ్యలు పిల్లల చేతిలో ఎంత గట్టిగా ఉన్నాయని అడిగేవాళ్లు తక్కువ. అసలు అడగాల్సింది ఆ రెండోదే.

6వ గ్రేడ్‌లో మామూలు మ్యాథ్, అడ్వాన్స్‌డ్, యాక్సిలరేటెడ్, కాంపాక్టెడ్ అని ఏవేవో పేర్లున్నాయి. తేడా ఏంటి?

పేర్లు స్కూల్ జిల్లాను (స్కూల్ డిస్ట్రిక్ట్‌ను) బట్టి మారిపోతాయి కాబట్టి పేరు చూసి నిర్ణయించకండి. పక్క జిల్లాలో "ఆనర్స్" అంటే వేరే కావచ్చు. లోపల ఉండే లెక్క మాత్రం దాదాపు ఒకటే.

మామూలు దారిలో 6, 7, 8 గ్రేడ్లలో ఏ ఏడాది సిలబస్ ఆ ఏడాదే చేసి, 9వ గ్రేడ్‌లో ఆల్జీబ్రా 1 మొదలుపెడతారు. రెండో దారిలో మూడేళ్ల సిలబస్‌ను రెండేళ్లలో కుదిస్తారు. 6వ గ్రేడ్‌లో ఆ ఏడాది పాఠాలతో పాటు 7లో సగం, 7వ గ్రేడ్‌లో మిగిలిన సగంతో పాటు 8వ గ్రేడ్ పాఠాలు చేయించి, 8లో ఆల్జీబ్రా 1 చెప్తారు. మూడో దారి చాలా తక్కువ మందికి. వాళ్లు 7లోనే ఆల్జీబ్రా 1, 8లో జ్యామెట్రీ చేస్తారు.

ఇక్కడ ఒక్కటి గమనించండి. కొన్ని స్కూళ్లలో "అడ్వాన్స్‌డ్" అంటే అదే సిలబస్‌ను కాస్త లోతుగా చెప్పడమే, ముందుకు దూకడం ఉండదు. అందుకే కౌన్సిలర్‌ని సూటిగా అడగండి: "ఈ కోర్సు తీసుకుంటే 8వ గ్రేడ్‌లో మా పిల్ల ఏ మ్యాథ్ కోర్సులో ఉంటుంది?" ఈ ఒక్క ప్రశ్నతో సగం గందరగోళం తీరిపోతుంది.

8వ గ్రేడ్‌లో ఆల్జీబ్రా 1 చేస్తే హైస్కూల్లో వరుస ఎలా ఉంటుంది?

9లో జ్యామెట్రీ, 10లో ఆల్జీబ్రా 2, 11లో ప్రీకాలిక్యులస్, 12లో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే చేసే కాలేజీ స్థాయి కోర్సు) కాలిక్యులస్. ఏపీ కాలిక్యులస్‌లో రెండు కోర్సులున్నాయి. ఏబీ దాదాపు కాలేజీలో ఒక సెమిస్టర్‌కు సమానం, బీసీ రెండు సెమిస్టర్లకు. ప్రీకాలిక్యులస్ బాగా చేసిన పిల్లల్ని చాలా స్కూళ్లు నేరుగా బీసీలోకి రానిస్తాయి. 2023-24 నుంచి ఏపీ ప్రీకాలిక్యులస్ కూడా వచ్చింది.

7లోనే ఆల్జీబ్రా 1 చేసినవాళ్లకు 11వ గ్రేడ్‌కే కాలిక్యులస్ వస్తుంది. 12లో ఏపీ స్టాటిస్టిక్స్ ఉంటుంది, లేదా దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో మల్టీవేరియబుల్ కాలిక్యులస్, లీనియర్ ఆల్జీబ్రా లాంటివి. మీ హైస్కూల్లో అవి ఉన్నాయో లేదో ముందే కనుక్కోండి. చివరి ఏడాది చెప్పేవాళ్లు లేక, మ్యాథ్ లేకుండానే 12వ గ్రేడ్ గడిపేసిన తెలివైన పిల్లలు ఉన్నారు. అంత పరుగెత్తించి చివర్లో ఖాళీగా కూర్చోబెట్టినట్టు అవుతుంది.

9లో ఆల్జీబ్రా 1 మొదలుపెట్టినవాళ్లకు 12వ గ్రేడ్‌లో ప్రీకాలిక్యులస్ వస్తుంది. వాళ్లకు కాలిక్యులస్ దారి మూసుకుపోయిందని అనుకోవద్దు. దాని గురించి కింద రాశాను.

మా జిల్లాలో ఆల్జీబ్రా, జ్యామెట్రీ అనే పేర్లే లేవు. మ్యాథ్ 1, 2, 3 అంటున్నారు.

దాన్ని ఇంటిగ్రేటెడ్ మ్యాథ్ అంటారు. ఆల్జీబ్రా, జ్యామెట్రీ, స్టాటిస్టిక్స్ మూడింటినీ ప్రతి ఏడాదీ కలిపి చెప్తారు. మన దగ్గర స్కూళ్లలో ఎప్పుడూ ఉన్నది ఈ పద్ధతే కాబట్టి మనకు కొత్తేమీ కాదు. నార్త్ కరోలినా మొత్తం ఇదే, కాలిఫోర్నియాలో కొన్ని జిల్లాలదీ ఇదే. అక్కడ 8వ గ్రేడ్‌లో మ్యాథ్ 1 అంటే మిగతా చోట్ల ఆల్జీబ్రా 1 చేసినంత ముందున్నట్టు. జార్జియాలో 2023-24 నుంచి "ఆల్జీబ్రా: కాన్సెప్ట్స్ అండ్ కనెక్షన్స్" అనే పేరు వాడుతున్నారు. ఫోర్సైత్ కౌంటీలో ఉన్నవాళ్లు ఆ పేరు చూసి కంగారు పడక్కర్లేదు, అది ఆల్జీబ్రా 1 స్థానంలో ఉన్న కోర్సే. కాలేజీలు రెండు పద్ధతుల్నీ ఒకేలా చూస్తాయి.

ఎవరు ఏ కోర్సులోకి వెళ్లాలో ఎవరు నిర్ణయిస్తారు?

ఎక్కువగా స్కూల్ జిల్లా. రాష్ట్ర పరీక్ష మార్కులు, జిల్లా పెట్టే మ్యాప్ గ్రోత్, ఐ-రెడీ లాంటి పరీక్షలు, కోజ్యాట్ అనే ఆలోచనా సామర్థ్య పరీక్ష స్కోరు, టీచర్ సిఫారసు, క్లాసు గ్రేడ్లు, వీటిలో కొన్నింటిని కలిపి చూస్తారు. ఏది ఎంత లెక్కలోకి వస్తుందన్నది జిల్లా వెబ్‌సైటులో రాసి ఉంటుంది, లేకపోతే అడిగితే చెప్పాలి.

కొన్ని రాష్ట్రాల్లో దీనికి చట్టాలు కూడా వచ్చాయి. టెక్సస్‌లో 2023లో చేసిన చట్టం ప్రకారం 5వ గ్రేడ్ మ్యాథ్ పరీక్షలో పై 40 శాతంలో వచ్చిన పిల్లల్ని 6వ గ్రేడ్‌లో అడ్వాన్స్‌డ్ మ్యాథ్‌లో స్కూళ్లే తమంతట తాముగా చేర్చాలి. వద్దనుకుంటే తల్లిదండ్రులు రాసిచ్చి మాన్పించాలి. అంతకుముందు తల్లిదండ్రులు అడిగితేనో, టీచర్ పేరు పెడితేనో చేర్చుకునేవాళ్లు. అడగడం తెలియని ఇళ్ల పిల్లలు, ఎంత బాగా చేసినా వెనకే ఉండిపోయేవాళ్లు. ఈ మార్పు నాకు చాలా నచ్చింది. నార్త్ కరోలినాలో 2018లో ఇలాంటి చట్టమే వచ్చింది. రాష్ట్ర పరీక్షలో పై లెవెల్ తెచ్చుకున్న పిల్లలకు అడ్వాన్స్‌డ్ మ్యాథ్ ఇవ్వాలన్నది అందులో ఉంది. కాలిఫోర్నియాలో 2015 నాటి చట్టం 9వ గ్రేడ్‌లో ఎవరిని ఏ కోర్సులో వేయాలో జిల్లాలు స్పష్టమైన కొలమానాలతో నిర్ణయించాలనీ, బడి మొదలైన నెలలోపు మరోసారి సరిచూడాలనీ చెప్తుంది. పొరపాటు జరిగిందనిపిస్తే తల్లిదండ్రులు అడిగే దారి కూడా ఉండాలి. చాలామందికి ఈ సంగతి తెలియదు.

శాన్‌ఫ్రాన్సిస్కోలో 8వ గ్రేడ్ ఆల్జీబ్రా తీసేశారని విన్నాం. నిజమేనా?

2014లో తీసేశారు. అందరు పిల్లలూ 9వ గ్రేడ్‌లోనే ఆల్జీబ్రా 1 చేస్తే, చిన్నప్పుడే పిల్లల్ని విడదీయడం తగ్గుతుందన్నది ఉద్దేశం. కానీ స్తోమత ఉన్నవాళ్లు బయట ఆన్‌లైన్ కోర్సులు, ప్రైవేటు క్లాసులు పెట్టించుకున్నారు, లేనివాళ్లు ఉండిపోయారు. 2024 మార్చిలో ఓటర్ల ముందుకు పెట్టినప్పుడు 80 శాతానికి పైగా ఆల్జీబ్రా తిరిగి పెట్టాలన్నారు. ఆ ఏడాదే జిల్లా దాన్ని తిరిగి తీసుకురావడం మొదలుపెట్టింది.

ఈ గొడవకు పాత చరిత్ర ఉంది. పౌర హక్కుల ఉద్యమంలో మిసిసిపీలో పనిచేసిన బాబ్ మోజెస్, మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్‌లో తన కూతురు 8వ గ్రేడ్‌కు వచ్చేసరికి ఆ స్కూల్లో ఆల్జీబ్రా లేదని చూసి, తనే స్వయంగా చెప్పడం మొదలుపెట్టాడు. 1982లో అదే ఆల్జీబ్రా ప్రాజెక్ట్ అయింది. ఓటు హక్కు ఎంత ముఖ్యమో, పేద పిల్లలకు ఆల్జీబ్రా అందడం అంత ముఖ్యమని ఆయన వాదన. మన పిల్లల కోసం స్కూల్‌తో మాట్లాడేటప్పుడు ఇది గుర్తుంటే మంచిది. అడ్వాన్స్‌డ్ సెక్షన్ మన పిల్లలకు మాత్రమే కావాలన్నట్టు మాట్లాడకండి. సిద్ధంగా ఉన్న పిల్లలందరికీ సీట్లుండాలని అడిగితే స్కూల్ కూడా వింటుంది.

మా అమ్మాయి నిజంగా సిద్ధంగా ఉందో లేదో ఇంట్లో ఎలా తెలుస్తుంది?

మార్కులు కొంతవరకే చెప్తాయి. నాలుగు లెక్కలు ఇచ్చి పక్కన కూర్చోండి. జవాబు కన్నా ఎలా చెప్తుందో వినండి.

మొదటిది. ముప్పావు కప్పు పెరుగుంది, ఒక్కొక్కరికి కప్పులో ఎనిమిదో వంతు వేయాలి, ఎంతమందికి వస్తుంది? జవాబు 6. "తలకిందులు చేసి గుణించాను" అంటే పద్ధతి వచ్చినట్టు. "భాగించాక ఆరు వచ్చిందేంటి, ముప్పావు కన్నా పెద్దది కదా?" అని అడగండి. ముప్పావులో ఎనిమిదో వంతులు ఆరున్నాయని బొమ్మ గీసి చూపించిందంటే భిన్నాలు అర్థమైనట్టు.

రెండోది. 40 డాలర్ల చొక్కా 25 శాతం తగ్గించి 30కి అమ్మారు. మళ్లీ 40 చేయాలంటే ఎంత శాతం పెంచాలి? చాలామంది పిల్లలు టక్కున 25 అంటారు. 30 మీద 10 అంటే మూడో వంతు, అంటే 33 శాతం చిల్లర. ఇక్కడ ఆగి ఆలోచించే పిల్లకు నిష్పత్తి, శాతం లోపలికి దిగాయి.

మూడోది. మైనస్ 7లో నుంచి మైనస్ 3 తీసేస్తే ఎంత? మైనస్ 4. సూత్రం వల్లించినా పర్వాలేదు, కానీ సంఖ్యారేఖ మీద గానీ, అప్పు లెక్కలో గానీ వివరించగలగాలి.

నాలుగోది. 5లో నుంచి ఒక సంఖ్యకు రెట్టింపు తీసేస్తే 11 వచ్చింది, ఆ సంఖ్య ఎంత? మైనస్ 3. "తీసేస్తే పెరిగిందంటే అది రుణ సంఖ్యే అయ్యుండాలి" అని లెక్క చేయకముందే అనగలిగితే, ఇంకేం చూడక్కర్లేదు, ఆ పిల్ల ఆల్జీబ్రాకు సిద్ధం.

నాలుగింట్లో రెండు తడబడితే బెంగపడకండి, ఏం చదివించాలో తెలిసింది కదా. ఆల్జీబ్రా 1లో పిల్లలు ఇబ్బంది పడుతుంటే తప్పు ఆల్జీబ్రాలో ఉందనుకుంటాం. పక్కన కూర్చుని నోట్‌బుక్ చూస్తే ఎక్కువసార్లు తప్పు భిన్నం దగ్గరో, మైనస్ గుర్తు దగ్గరో కనిపిస్తుంది. గీత వాలు మైనస్ రెండు బై మూడు అనగానే చెయ్యి ఆగిపోతుంది. ఎక్కాల సంగతీ అంతే. గుణిస్తే మైనస్ 12, కలిపితే 1 వచ్చే రెండు సంఖ్యలు కావాలంటే 4, మైనస్ 3 అని వెంటనే తట్టాలి. కారణాంక విభజన అంతా ఈ వేగం మీదే నడుస్తుంది. మన ఇళ్లలో ఎక్కాలు వల్లె వేయించే అలవాటును వదులుకోకండి, ఇక్కడ స్కూళ్లలో దానికిచ్చే సమయం తక్కువ.

మా ఫ్రెండ్ వాళ్లబ్బాయి 7లోనే ఆల్జీబ్రా 1 చేస్తున్నాడు. మా వాడు కూడా చేయాలా?

పిల్లాడు తనంతట తాను లెక్కల వెంట పడుతుంటే, జిల్లా పరీక్షలో తేలిగ్గా దాటితే, చేయనివ్వండి. వర్జీనియాలోని కొన్ని కౌంటీల్లో దీనికి ప్రత్యేకంగా ఆల్జీబ్రా సంసిద్ధత పరీక్ష పెడతారు. అలాంటి పరీక్షలో కోచింగ్‌తో అంచుల మీద గట్టెక్కిన పిల్లాణ్ని మాత్రం పంపకండి. నేనైతే ఈ మాట గట్టిగా చెప్తాను.

కారణం ఏంటంటే, ఈ దారిలో పలుచబడేది 7వ గ్రేడ్ మ్యాథ్. అనుపాతం, శాతాలు, రుణ సంఖ్యలతో అన్ని రకాల లెక్కలు, సంభావ్యత అన్నీ ఆ ఏడాదివే. తర్వాత కెమిస్ట్రీలో మోల్ లెక్కలు, ఫిజిక్స్‌లో యూనిట్లు మార్చడం, అన్నింటికీ కావాల్సింది అనుపాతమే. ఏడాది ముందున్నానన్న సంతోషం కోసం దాన్ని ఆరు వారాల్లో తోసేస్తే, ఆ లోటు హైస్కూల్లో సైన్స్ క్లాసులో బయటపడుతుంది. 8లో ఆల్జీబ్రా 1 చేసిన పిల్లలకు ఇంజనీరింగ్‌లో గానీ, మెడిసిన్‌లో గానీ ఏ తలుపూ మూసుకుపోదు.

అడ్వాన్స్‌డ్‌లో రాలేదు. ఇంక కాలిక్యులస్ ఆశ వదులుకోవాలా?

వదులుకోవద్దు. ముందు, ఏ కొలమానంలో ఎంత తక్కువైందో రాతపూర్వకంగా అడగండి. చాలా జిల్లాల్లో అప్పీలు ఉంటుంది, దానికి గడువు తక్కువగా ఉంటుంది కాబట్టి ఉత్తరం వచ్చిన వారంలోనే కదలాలి. మెయిల్ మర్యాదగా, చిన్నగా రాయండి. పక్కింటి పిల్లల పేర్లు తేవద్దు.

అప్పీలులో రాకపోయినా మళ్లీ కలిసే చోట్లున్నాయి. 6 ముగిశాక 7లో చేరే అవకాశం కొన్ని జిల్లాలు ఇస్తాయి, వేసవి బ్రిడ్జ్ కోర్సు చేయిస్తాయి. హైస్కూల్లో 10వ గ్రేడ్‌లో జ్యామెట్రీ, ఆల్జీబ్రా 2 రెండూ ఒకేసారి తీసుకుంటే 12లో కాలిక్యులస్ అందుతుంది. కష్టమే కానీ, ఆ వయసుకు పిల్లలు బాగా ఎదిగి ఉంటారు, తమకు ఏం కావాలో వాళ్లకే తెలుస్తుంది. కొన్ని హైస్కూళ్లలో ఆల్జీబ్రా 2, ప్రీకాలిక్యులస్ కలిపిన కోర్సు కూడా ఉంటుంది.

ఇంట్లో ఈ విషయం ఎలా మాట్లాడతామన్నది ఇంకా ముఖ్యం. పదకొండేళ్ల పిల్లకు "నువ్వు సెలెక్ట్ కాలేదు" అన్న మాట "నాకు లెక్కలు రావు" అని వినిపిస్తుంది. ఫోన్లో ఇండియాలోని తాతయ్యకు చెప్పేటప్పుడు పిల్ల పక్క గదిలో ఉంటుందని గుర్తుంచుకోండి.

అడ్వాన్స్‌డ్‌లో చేరాడు, ఇప్పుడు సీ గ్రేడ్లు వస్తున్నాయి. కిందికి మార్పించాలా?

మొదటి ఆరు వారాలు తొందరపడకండి. మొదటిసారి కష్టమైన క్లాసు చూస్తున్న పిల్లాడు తడబడటం సహజం. తర్వాత కూడా అలాగే ఉంటే, టీచర్‌ని ఒకటే అడగండి: హోంవర్క్, పరీక్షల దగ్గర జాగ్రత్త చాలడం లేదా, లేక పాఠమే ఎక్కడం లేదా? మొదటిదైతే ఉంచి దారిలో పెట్టొచ్చు. రెండోదైతే మార్పించడమే మంచిది, అదీ ఆల్జీబ్రా 1 మొదలవ్వకముందే. ఆల్జీబ్రా 1 అరకొరగా పూర్తి చేసి జ్యామెట్రీ దాటి ఆల్జీబ్రా 2కి వచ్చేసరికి ఆ ఖాళీలన్నీ ఒక్కసారి మీద పడతాయి. ఆల్జీబ్రా 1ని 9లో మళ్లీ చేయడం కూడా మంచి నిర్ణయమే. పిల్లాడు రాత్రి పదకొండింటికి ఏడుస్తూ హోంవర్క్ చేస్తున్నాడంటే, పరువు గురించి ఆలోచించే సమయం దాటిపోయింది.

ఇండియా నుంచి ఈ మధ్యే వచ్చాం. మా బాబు హైదరాబాద్‌లో 7వ తరగతి అయ్యాడు. ఇక్కడ ఏ కోర్సు అడగాలి?

గ్రేడ్ సాధారణంగా వయసును బట్టి, మ్యాథ్ కోర్సు పరీక్షను బట్టి నిర్ణయిస్తారు. వచ్చేటప్పుడు టీసీతో పాటు ప్రోగ్రెస్ రిపోర్టులు, లెక్కల పుస్తకంలో విషయసూచిక పేజీ తెచ్చుకోండి. ఆ పేజీ కౌన్సిలర్‌కు ఎంతో ఉపయోగపడుతుంది. ఆగస్టులో బడి తెరిచే ముందే ప్లేస్‌మెంట్ పరీక్ష పెట్టమని అడగండి, లేకపోతే మామూలు సెక్షన్‌లో వేసేసి తర్వాత చూద్దామంటారు.

మన పిల్లలు చేతి లెక్కల్లో ముందుంటారు. సమీకరణాలు, భిన్నాలు బాగా వస్తాయి. ఇక్కడ తగిలే ఇబ్బందులు వేరు. వర్గ సమీకరణాలు మన దగ్గర 10వ తరగతిలో వస్తే, ఇక్కడ ఆల్జీబ్రా 1లోనే ఉంటాయి. ఫంక్షన్ అనే భావన 8వ గ్రేడ్‌లోనే మొదలవుతుంది. చుక్కల గ్రాఫులు, పెట్టె గ్రాఫులు, ఆకారాన్ని తిప్పడం, ప్రతిబింబించడం లాంటివి మనవాళ్లకు కొత్త. అడుగులు, అంగుళాలు, గ్యాలన్లు సరేసరి. లక్ష రాసేటప్పుడు కామా ఎక్కడ పెట్టాలన్నది కూడా మొదటి నెలల్లో తికమక పెడుతుంది. గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్ వాడటం ఇక్కడ 8వ గ్రేడ్ కల్లా మామూలే, దాన్ని తప్పుగా చూడకండి, కూర్చోబెట్టి నేర్పించండి.

వీటికన్నా పెద్ద తేడా ఒకటుంది. ఇక్కడ లెక్కల పేపర్లో సగం చదవాల్సిందే. "నీ స్నేహితుడు ఇలా చేశాడు, అతను చేసింది సరైనదేనా, ఎందుకు?" అని అడుగుతారు. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు జవాబు తెలిసినా వాక్యం రాదు. ఇంగ్లిష్ రాదన్న ఒక్క కారణంతో పిల్లల్ని అడ్వాన్స్‌డ్ క్లాసులకు దూరం పెట్టడం ఫెడరల్ పౌర హక్కుల చట్టం ఒప్పుకోదు. అలా జరుగుతోందనిపిస్తే మొహమాటపడకుండా అడగండి.

నేను ఇంట్లో నేర్పే పద్ధతి, స్కూల్ పద్ధతి వేరుగా ఉన్నాయి. పిల్ల గందరగోళపడుతోంది.

ఇది ప్రతి తెలుగింట్లో జరిగే గొడవే. ఎక్స్‌కు మూడు రెట్లు ప్లస్ 5 ఈక్వల్స్ 20 అనుకోండి. మనం "ఐదు అటు వెళ్తే మైనస్ ఐదు" అంటాం. మన పుస్తకాల్లో దానికి పక్షాంతరం అని పేరు కూడా ఉంది. ఇక్కడి టీచర్ రెండు వైపుల నుంచీ 5 తీసేయమంటుంది, ఆ అడుగు రాయకపోతే మార్కులు తగ్గిస్తుంది. రెండూ ఒకటే. కానీ అటు వెళ్లగానే గుర్తు ఎందుకు మారిందో తెలియని పిల్ల, తర్వాత "మూడు అటు వెళ్తే మైనస్ మూడు" అని కూడా రాసేస్తుంది. 15ను 3తో భాగించాల్సిన చోట 3 తీసేసి 12 అంటుంది. అందుకే మొదటి ఏడాది స్కూల్ పద్ధతిలోనే అన్ని అడుగులూ రాయనివ్వండి. అర్థం కుదిరాక మన పద్ధతి చూపిస్తే, "ఓహ్, ఇది షార్ట్‌కట్" అని తనే అంటుంది.

వేసవిలో జ్యామెట్రీ పూర్తి చేయించి ఒక ఏడాది కలిసొచ్చేలా చేద్దామనుకుంటున్నాం.

నేను వద్దనే అంటాను. ఒక విషయాన్ని కారణాలతో, వరుసగా నిరూపించడం స్కూల్ మ్యాథ్‌లో ఎక్కువగా నేర్పేది జ్యామెట్రీలోనే. ఆరు వారాల్లో పరీక్ష దాటొచ్చు, ఆ అలవాటు రాదు. వేసవిలో ఏదైనా చేయించాలంటే వచ్చే ఏడాది పాఠాలకు ముందు చూపులా చేయించండి, కోర్సు మాత్రం బడిలోనే చేయనివ్వండి. తప్పనిసరి అయితే, జిల్లా ఆ ఆన్‌లైన్ కోర్సుకు క్రెడిట్ ఇస్తుందో లేదో డబ్బు కట్టకముందే రాతపూర్వకంగా తీసుకోండి.

పరీక్ష రాసి క్రెడిట్ తెచ్చుకునే పద్ధతి కూడా ఉంది. టెక్సస్‌లో ముందు ఆ కోర్సు చదవని పిల్లలు క్రెడిట్ బై ఎగ్జామ్‌లో 80 తెచ్చుకుంటే క్రెడిట్ ఇస్తారు. నార్త్ కరోలినాలో కూడా ఇలాంటి ఏర్పాటు ఉంది. నిజంగా వచ్చిన పిల్లలకు అది మంచి దారి.

కూమాన్, రష్యన్ మ్యాథ్, ఆర్ట్ ఆఫ్ ప్రాబ్లమ్ సాల్వింగ్, ఇందులో ఏది మంచిది?

పిల్లకు ఏం తక్కువైందో చూసి ఎంచుకోండి. చేతి వేగం, ఎక్కాలు, భిన్నాలు తక్కువైతే కూమాన్ తరహా రోజువారీ సాధన పనికొస్తుంది. స్కూల్ మ్యాథ్ తేలికై బోర్ కొడుతుంటే ఆర్ట్ ఆఫ్ ప్రాబ్లమ్ సాల్వింగ్ లాంటివి లోతు ఇస్తాయి. డబ్బు ఖర్చు లేకుండా ఖాన్ అకాడమీలో గ్రేడ్ వారీగా అన్నీ ఉన్నాయి, రోజూ ఇరవై నిమిషాలు శ్రద్ధగా చేస్తే చాలామంది మిడిల్ స్కూల్ పిల్లలకు అదే సరిపోతుంది. అన్నింట్లో ఒకేసారి చేర్పించి, శనివారం పొద్దున కూచిపూడి, మధ్యాహ్నం మ్యాథ్, సాయంత్రం మనబడి అని తిప్పితే పిల్లకు ఏదీ మిగలదు.

ఏఎంసీ 8, మ్యాథ్‌కౌంట్స్ రాయించాలా?

ఇష్టముంటే తప్పకుండా. రెండూ లెక్కల పోటీలు. ఏఎంసీ 8లో 40 నిమిషాల్లో 25 ప్రశ్నలు, జనవరిలో జరుగుతుంది. మ్యాథ్‌కౌంట్స్ 6 నుంచి 8 గ్రేడ్ల పిల్లలకు, జట్టుగా కూడా పోటీ పడొచ్చు. వీటి ప్రశ్నల్లో ఎక్కువ భాగానికి ఆల్జీబ్రా 1 కూడా అక్కర్లేదు, లెక్కించడం, విభజనీయత, బొమ్మ గీసి ఆలోచించడం ఉంటాయి. ముందుకు దూకకుండానే లెక్కల్లో లోతుకు వెళ్లొచ్చని పిల్లలకు తెలిసేది ఇక్కడే. 7లో ఆల్జీబ్రా దొరకలేదని బాధపడే ఇంటికి నేను మొదట చెప్పేది స్కూల్లో మ్యాథ్ క్లబ్ ఉందేమో చూడమని. లేకపోతే ఒక టీచర్‌నో, ఇద్దరు తల్లిదండ్రుల్నో కూడగట్టి మొదలుపెట్టండి.

మిడిల్ స్కూల్ గ్రేడ్లు కాలేజీ అడ్మిషన్‌లో కనిపిస్తాయా?

ఆల్జీబ్రా 1 హైస్కూల్ కోర్సు కాబట్టి, 8లో చేసినా చాలా జిల్లాల్లో ట్రాన్‌స్క్రిప్ట్‌లోకి, అంటే హైస్కూల్ మార్కుల రికార్డులోకి వెళ్తుంది. జీపీఏలో (గ్రేడ్ల సగటులో) కలుపుతారా లేదా అన్నది జిల్లా నియమం. వర్జీనియాలో తల్లిదండ్రులు కోరితే మిడిల్ స్కూల్లో చేసిన హైస్కూల్ కోర్సు గ్రేడ్‌ను ట్రాన్‌స్క్రిప్ట్ నుంచి తీసేస్తారు, అప్పుడు క్రెడిట్ కూడా పోతుంది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా 7, 8 గ్రేడ్లలో చేసిన ఆల్జీబ్రా 1, జ్యామెట్రీలను సీ లేదా అంతకన్నా మంచి గ్రేడ్ ఉంటే అర్హత కింద లెక్కేస్తుంది, కానీ జీపీఏలో వాటిని కలపదు. వాళ్లకు కావాల్సింది కనీసం మూడేళ్ల మ్యాథ్, నాలుగేళ్లయితే మంచిదంటారు. ఎంఐటీ లాంటి చోట్ల కాలిక్యులస్ దాకా చేసి ఉండమని సిఫారసు చేస్తారు.

ఏడాది మధ్యలో టెక్సస్ నుంచి నార్త్ కరోలినాకు మారుతున్నాం. ఏం జాగ్రత్తలు?

టెక్సస్, వర్జీనియాలకు సొంత సిలబస్‌లు. 2010లో వచ్చిన కామన్ కోర్‌ను, అంటే చాలా రాష్ట్రాలు తీసుకున్న ఉమ్మడి పాఠ్య ప్రమాణాలను, ఆ రెండూ తీసుకోలేదు. టెక్సస్‌లో ఆల్జీబ్రా 1 సగంలో ఉన్న పిల్లకు నార్త్ కరోలినా మ్యాథ్ 1లో కొంత జ్యామెట్రీ, కొంత స్టాటిస్టిక్స్ కొత్తగా తగులుతాయి, కొన్ని పాఠాలు రెండోసారి వస్తాయి. బయల్దేరే ముందు ప్రస్తుత టీచర్ దగ్గర ఇప్పటిదాకా చెప్పిన యూనిట్ల జాబితా, చివరి రెండు మూడు పరీక్ష పేపర్లు, జిల్లా పరీక్ష స్కోర్ల షీటు తీసుకుని మీ చేతి సంచిలోనే పెట్టుకోండి. స్కూళ్ల మధ్య రికార్డులు చేరడానికి వారాలు పట్టొచ్చు, సెక్షన్ మాత్రం మొదటి రోజే నిర్ణయమైపోతుంది. కొత్త కౌన్సిలర్‌ను కలిసినప్పుడు ఆ కాగితాలు బల్ల మీద పెట్టి, నెల తర్వాత మళ్లీ కూర్చుని చూద్దామని అప్పుడే తారీకు రాయించుకోండి.